బుద్ధి అప్పగింత

సర్కారు ఉద్యోగంలో చేరడానికి బుద్ధి ఉండాలా, అక్కర్లేదా అన్నది ఏనాటినుంచో తేలని తగువు. ఉద్యోగం వదిలి వెళ్ళేటప్పుడు మాత్రం ఉండకూడదని ఆ ఏడు ఉత్తర్వు వచ్చింది.

దానికి కారణం ఒక పెద్దమనిషి. పక్క జిల్లాలో తూకపురాళ్ళకి ముద్రలు వేసే ఆఫీసులో పనిచేసి రిటైరైన ఆయన, మెడలో దండ వాడకముందే బెల్లం వర్తకుల సంఘంలో సలహాదారుగా చేరాడు. తనిఖీకి వెళ్ళినవాళ్ళు కాటాలో ఏం చూస్తారో, ఏం చూడరో ఆయనకి కొట్టిన పిండి. ఆ పిండినంతా వర్తకులకి పంచిపెట్టాడు. సంగతి రాజధానికి చేరింది. పెద్దలు కూర్చుని ఆలోచించారు. ఆ తెలివి ఆయనకి ఎక్కడిది? సర్వీసులో వచ్చింది. సర్వీసు ఎవరిది? ప్రభుత్వానిది. కుర్చీ, బీరువా, గుండుసూదుల డబ్బాతో సహా అప్పగించి వెళ్ళేవాడు బుద్ధిని మాత్రం తలలో పెట్టుకుని ఇంటికి పట్టుకుపోవడం ఏం న్యాయం?

కాబట్టి ఉత్తర్వు. ‘ఉద్యోగి సర్వీసు కాలమున పోగుచేసుకొనిన జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, తర్కము, వివేకము, కల్పన మొదలగు బౌద్ధిక ఆస్తులన్నియు ప్రభుత్వమునకే చెందును. పదవీ విరమణ నాటికి వానిని తదుపరి ఉద్యోగికి అప్పగించి, నకలు ఉంచుకొనకుండ వెళ్ళవలెను.’ చేరిననాడు సొంతంగా కొంత బుద్ధి ఉండి ఉంటుంది కదా అని ఎవరో అడిగారట. ఎంత ఉండేదో ఆనాడు ఎవరూ తూచి రాయలేదు గనక ప్రారంభ నిల్వ శూన్యమని భావించాలని దానికో వివరణ కూడా వచ్చింది.

రేవుపాలెం తూనికల ఆఫీసు సీనియర్ అసిస్టెంటు గెద్దాడ వీరభద్రం ఆ నెలాఖరుకి రిటైరవుతున్నాడు. జిల్లాలో ఈ ఉత్తర్వుకి బోణీ ఆయనే.

వీరభద్రం పెద్దగా కంగారుపడలేదు. ఉత్తర్వు గోడమీది క్యాలెండరులాంటిది, నాలుగురోజులు గాలికి ఊగి తనే మేకునుంచి జారిపోతుందని ఆయన నమ్మకం. కంగారుపడ్డది దొరబాబు. పరీక్ష రాసి కొత్తగా ఉద్యోగంలోకి వచ్చిన దొరబాబుకే ఆ సీటు ఇచ్చారు.

ఆ కంగారుకీ అర్థం ఉంది. ఆ ఆఫీసులో చార్జి తీసుకోవడమంటే మాటలు కాదు. ప్రమాణపు రాళ్ళని ఒక్కొక్కటే బట్టతో పట్టుకుని, తూచి, చూసుకుని సంతకం పెట్టాలి. సంతకం పడ్డాక ఏం తక్కువైనా తీసుకున్నవాడి నెత్తిమీదే. ఒకప్పుడు మొహమాటానికి పోయి చూడకుండా సంతకం పెట్టినాయన ఒకడు, లేని అయిదు కిలోల రాయికి సర్వీసంతా సంజాయిషీలు రాసుకుని, చివరికి ‘రాయి మింగిన మూర్తిగారు’ అనే బిరుదుతో ఇంటికి పోయాడు.

“గురువుగారూ, రాళ్ళంటే తూచుకుంటామండి. బుద్ధి ఎలా చూసి తీసుకోవాలండి? తరవాత లోటొస్తే నా పీకకి చుట్టుకుంటాదండి” అన్నాడు దొరబాబు.

“ఏమంత ఉంటుందిలే బాబూ, భయపడకు” అన్నాడు వీరభద్రం.

“మీరలా అంటారు గానండి, మొత్తం అప్పగించలేదని రేపు నామీదే రాస్తారండి.”

ఆ మాట నిజమే. వీరభద్రానికి పాపం అనిపించింది. తన జీవితంలో ఎవరికీ లోటుతో చార్జి అప్పగించినవాడు కాదు. “నా తలలో ఉన్నదంతా ఇచ్చే పోతాను, సరేనా?” అన్నాడు. ఏం మాట ఇస్తున్నాడో ఆ పూట ఆయనకి తెలియదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భార్య మాణిక్యాంబ కాఫీ కలిపి అరుగుమీద కూర్చుని ఉంది. ఆవిడా ఒకప్పుడు ఆ ఆఫీసులోనే టైపిస్టు. నాలుగేళ్ళ కిందట మెదడువాపు జ్వరం వచ్చి, చావు తప్పి లేచి కూర్చుంది. లేచాక చూస్తే పాత సంగతులు తుడిచిపెట్టుకుపోయాయి. అదేం చిత్రమో, తక్కినదంతా చెక్కుచెదరలేదు. కూరలో ఉప్పు తగ్గదు, లెక్క తప్పదు, ఎదుటివాడు అబద్ధమాడితే వాడికంటే ముందు ఈవిడ నవ్వుతుంది. పెళ్ళి, పుట్టిన పిల్ల, ఆఫీసు, అన్నీ ఒకరు చెబితే తెలుసుకోవలసినవే అయ్యాయి. ఒక్క వీరభద్రాన్ని మాత్రం కళ్ళు తెరిచిన రోజున కాసేపు చూసి, “ఈయన మంచాయనలా ఉన్నారు, ఉండనివ్వండి” అని నర్సుతో అంది.

“చెప్పండి మరి” అంది కాఫీ అందిస్తూ. రోజూ అడిగే సంగతే అది.

వీరభద్రం చెప్పాడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన టైపిస్టు ఒకావిడ, ఆఫీసు గుమ్మం ముందు పూలమ్మే నూకాలు మీద రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చింది, మూర తక్కువ కొలుస్తోందని. ఆఫీసు పుట్టినప్పటినుంచీ అలాంటి ఫిర్యాదు రాలేదు. విచారణకి వీరభద్రాన్ని పంపారు. ఆయన ఇనప గజంబద్ద పట్టుకుని వెళ్ళి, మోచేతినుంచి వేలికొసదాకా నూకాలు చెయ్యి కొలిస్తే బెత్తెడు తక్కువ తేలింది. “చెయ్యి నాది, మూర నాది. నీకు పొడుగు మూర కావాలంటే పొడుగు చేతులదాన్ని చూసుకో నాయనా” అంది నూకాలు. చేతికి ముద్ర వేసే అధికారం శాఖకి లేదని నివేదిక రాశాడు వీరభద్రం. కాని ఫిర్యాదుదారుకి లోటు జరిగిన మాట వాస్తవమే కదా. అందుకని మర్నాటినుంచి రోజూ ఆ తక్కువైన బెత్తెడు మల్లెపూల ముక్క తనే కొని, బాదం ఆకులో చుట్టి, ఆవిడ టైపు మిషను మీద పెట్టేవాడు. మొదటిరోజు ఆవిడ “ఇదేమిటండీ?” అని అడిగింది. ఈయనకి నోట తడారిపోయి, “లోటు భర్తీ అండి” అన్నాడు.

మాణిక్యాంబ ఎప్పటిలాగే నవ్వింది. తరవాత ఎప్పటిలాగే కాసేపు లోపలెక్కడో వెతుక్కుంది. “విన్న సంగతిలా ఉంది గాని, నాకు జరిగిన సంగతిలా లేదండీ. రేపు ఇంకోసారి చెప్పండి” అంది.

ఆ రేపటికోసమే ఆయన నాలుగేళ్ళుగా బతుకుతున్నాడు. ఏదో ఒక సాయంత్రం అది విన్న సంగతి కాకుండా జరిగిన సంగతి అవుతుందని ఆశ.

రాజధానినుంచి బౌద్ధిక ఆస్తుల అధికారి త్రిలోచనరావు దిగాడు. ఆయన ఇస్త్రీ చేసిన మనిషి. మాట కూడా మడతలు పెట్టి మాట్లాడతాడు. ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

“మానవ బుద్ధి అనునది అఖండమని పామరులు అపోహపడుదురు. శాఖ దృష్టిలో అది విడిభాగముల సముదాయము. ఒక్కొక్క భాగాన్ని పరీక్షించి, స్థితి నమోదు చేసి, ముద్ర వేసి, చేతులు మారుస్తాం. ఏకాగ్రతతో ప్రారంభిద్దామా?”

వీరభద్రాన్ని త్రాసు ముల్లు ముందు కూర్చోబెట్టి రెప్ప వెయ్యకుండా చూడమన్నారు. ఆయన చూస్తుండగా టీ వచ్చింది, చల్లారింది, త్రిలోచనరావు రెండు కప్పులూ తాగేశాడు. వీరభద్రానికి తెలియలేదు. ‘ఏకాగ్రత: మంచి స్థితిలో ఉన్నది’ అని రాశారు. ముద్ర లేనిదే ఏ వస్తువూ అప్పగించినట్టు కాదు. నుదుటిమీద వేద్దామని త్రిలోచనరావు, పెళ్ళికొడుకులా కనపడతారని దొరబాబు కాసేపు తర్జనభర్జనపడి, చివరికి ఎడమ మణికట్టు మీద ఊదారంగు సిరాతో గుద్దారు.

“ఇకమీదట మీరు దేనిమీదా శ్రద్ధ పెట్టరాదు. ఇప్పుడు తర్కం. వీరభద్రంగారూ, నే చెప్పేది శ్రద్ధగా వినండి.”

“శ్రద్ధ ఇచ్చేశాను కదండీ” అన్నాడు వీరభద్రం.

త్రిలోచనరావు కలం ఆగింది. కొంచెం ఆలోచించి, దొరబాబు చార్జిలో ఉన్న ఏకాగ్రతను పరీక్ష ముగిసేదాకా వీరభద్రానికి తాత్కాలిక వాడకం కింద ఎరువివ్వడానికి అనుమతి రాశాడు. ‘తిరిగి ఇచ్చునపుడు అరుగుదల చూసుకోవలెను’ అని కింద ఓ ముక్క చేర్చాడు.

“ఒక కిరాణా కొట్టువాడు తెల్లారగానే తన త్రాసు తనే సరిచేసుకుంటున్నాడు. దానినుంచి మీరేమి గ్రహిస్తారు?”

“తనిఖీ వస్తోందని మనవాళ్ళెవరో చెప్పి ఉంటారండి.”

“తర్కం పనిచేయుచున్నది” అని దొరబాబుకి చెప్పి, “ఎవరు చెప్పి ఉంటారు?” అన్నాడు.

“ఇక్కడే ఇంకా కొన్నాళ్ళు ఉద్యోగం చెయ్యాల్సినవాళ్ళు ఉన్నారండి, అది చెప్పకూడదు.”

“వివేకం కూడా ఉన్నది” అని రెండూ ఒకేసారి రాసుకున్నాడు త్రిలోచనరావు.

కల్పన దగ్గర ఆయన పరీక్షే పెట్టలేదు. “మన శాఖలో కల్పన ఉండడానికి వీల్లేదు. ముల్లు ఎక్కడ ఆగితే అక్కడే రాయాలి. కల్పన ఉందని ఒప్పుకుంటే ఇన్నాళ్ళ తనిఖీలన్నీ ఏమైపోతాయి? శూన్యం అని రాయండి.”

“మరి టూరు డైరీలండి?” అన్నాడు దొరబాబు.

“అవి అనుభవం కిందికి వస్తాయి.”

శూన్యం అని రాశారు.

ఆ పూటకి అప్పగింత ముగిసింది గాని ఇల్లు చేరడం పెద్ద పనైంది. వివేకం అప్పగించిన మనిషి ఒంటరిగా బజార్లో తిరగకూడదని త్రిలోచనరావు ఆదేశం. దొరబాబు తోడు వెళ్ళాడు. ఊరికి అతను కొత్త. గంజి వీధి మలుపులో ఇద్దరూ నిలబడిపోయారు.

“ఎటండి?” అన్నాడు దొరబాబు.

“ఎడమపక్క సందులోంచి దగ్గర. జ్ఞాపకం ఇంకా నా దగ్గరే ఉంది కాబట్టి చెప్తున్నాను. కాని వెళ్ళాలో వద్దో అనుకోవాల్సింది నువ్వు.”

“లారీ వస్తోందండి, ఆగాలా దాటాలా?”

“అదీ నీ చార్జిలోదే బాబూ.”

దొరబాబు బుర్ర గోక్కుంటూ నిలబడ్డాడు. లారీ పోయింది, దాని వెనక మరోటి పోయింది. పక్కనున్న కిళ్ళీకొట్టాయన చూడలేక ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకుని దాటించాడు. ఆయన ఏ శాఖలోనూ పనిచెయ్యలేదు గనక సొంత బుద్ధి వాడుకోవచ్చు.

జ్ఞాపకశక్తి వంతు వచ్చేసరికి వారం గడిచింది. త్రిలోచనరావు ముందుగా హద్దులు చెప్పాడు. పదిన్నరనుంచి అయిదుదాకా ఆఫీసు పనిలో ఏర్పడిన జ్ఞాపకాలు ప్రభుత్వానివి. అయిదు దాటాక ఏర్పడినవి ఉద్యోగి సొంతం. మధ్యాహ్నం భోజనాల వేళ ఏర్పడినవాటి గురించి రాజధానిని వివరణ కోరారు.

వీరభద్రం చెప్పడం మొదలుపెట్టాడు. తూకపురాయిని తొలిచి మైనం నింపేవాళ్ళు, పళ్ళెం అడుగున చింతపండు ముద్ద అంటించేవాళ్ళు, తూచేటప్పుడు చిటికినవేలితో పళ్ళెం తాడు కిందికి లాగేవాళ్ళు, నవ్వుతూ కబుర్లు చెబుతూ ముల్లు మీదనుంచి మన కన్ను తప్పించేవాళ్ళు. ఇంటిపేర్లతో సహా చెప్పాడు. దొరబాబు రాసీ రాసీ వేళ్ళు విరుచుకున్నాడు. చివరికి త్రిలోచనరావు, “ఇంకేమైనా మిగిలి ఉన్నదా?” అన్నాడు.

“లేదండి” అన్నాడు వీరభద్రం. అన్ని ఏళ్ళ సర్వీసులో ఆయన చెప్పిన మొదటి దొంగ తూకం అది. చెప్పాక చెవులు వేడెక్కాయి.

సరిగ్గా అప్పుడే మాణిక్యాంబ క్యారేజీ పట్టుకుని లోపలికి వచ్చింది. శ్రద్ధ తనది కాదు కదా అని వీరభద్రం పొద్దున్న దాన్ని గుమ్మంలోనే వదిలేసి వచ్చాడు. జ్వరం తరవాత ఆవిడ ఆ ఆఫీసులో అడుగుపెట్టడం అదే మొదలు. పరాయి ఊరు వచ్చినట్టు చుట్టూ చూసింది.

“ఏవండీ, నేను కూర్చున్న టేబులు ఏదండీ? పూల పొట్లం పెట్టేవారన్నారే, ఆ మిషను ఎక్కడుండేది?”

“ఏ పూల పొట్లం?” అన్నాడు త్రిలోచనరావు.

వీరభద్రం కళ్ళతో సైగ చేశాడు గాని ఆలస్యమైంది. అధికారి ఎవరో, వ్యవహారం ఏమిటో తెలియని మాణిక్యాంబ, ఆయనెవరో ముచ్చటపడి అడుగుతున్నాడనుకుని, నిన్న సాయంత్రం విన్నది విన్నట్టు మొత్తం చెప్పేసింది. ఆవిడ వెళ్ళాక త్రిలోచనరావు కలం మూత మళ్ళీ తీశాడు.

“జ్ఞాపకం దాచారు, వీరభద్రంగారూ.”

“అది నా సొంతమండి.”

“పూలమనిషి దగ్గరికి ఏ హోదాలో వెళ్ళారు?”

“విచారణకండి.”

“ఏ వేళప్పుడు?”

“పొద్దున్న, ఆఫీసు వేళలోనేనండి.”

“కొలిచిన గజంబద్ద ఎవరిది?”

వీరభద్రం బీరువా పక్కనున్న గజంబద్ద వంక చూశాడు.

“అంటే ప్రభుత్వ సమయంలో, ప్రభుత్వ సామగ్రితో ప్రేమించారు. ఆ జ్ఞాపకం శాఖది. అప్పగించండి.”

“సార్, ఆవిడకి గుర్తులేదండి. నాకొక్కడికే గుర్తుంది. నేనూ ఇచ్చేస్తే ఇంక మా ఇంట్లో ఎవరికీ ఉండదండి” అన్నాడు వీరభద్రం. చేతులు జోడించాడు.

“మీ తలలో ఎంతకాలం ఉంటుంది చెప్పండి? శాఖలో అయితే శాశ్వతంగా భద్రంగా ఉంటుంది” అన్నాడు త్రిలోచనరావు, నిజంగా మేలు చేస్తున్నవాడిలాగే.

చెప్పించారు. దొరబాబు తల వంచుకుని రాశాడు, అందుకున్నట్టు సంతకం పెట్టాడు. నకలు ఉంచుకోలేదని వీరభద్రం సంతకం పెట్టాడు. మణికట్టు మీద ఇంకో ముద్ర పడింది.

ఆ సాయంత్రం మాణిక్యాంబ కాఫీ అందించి, “చెప్పండి మరి” అంది.

“నా దగ్గర లేదు మాణిక్యం. దొరబాబుకి అప్పగించేశాను.”

ఆవిడ నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగిపోయింది. ఇంట్లో నాలుగు గోడల మధ్య చెబితే ఎవరికి తెలుస్తుందని మనం అనుకుంటాం. కాని వీరభద్రం చేసిన సంతకానికి వ్యతిరేకంగా నడిచిన మనిషి కాదు. పైగా అది బయటికి పొక్కితే పోయేది దొరబాబు ఉద్యోగం. నాలుగు సాయంత్రాలు ఇద్దరూ వీధిలోకి చూస్తూ కాఫీ తాగారు.

అయిదోనాడు మాణిక్యాంబే తేల్చేసింది. “ఎవరి దగ్గరుంటే వాళ్ళనే వచ్చి చెప్పమనండి. నాకు కావాలి.”

వీరభద్రం ఆ మాట ఆఫీసులో విన్నవించాడు. త్రిలోచనరావు మొహం వెలిగింది. శాఖ బౌద్ధిక సంపదను ప్రజలకు అందుబాటులోకి తేవడం అనే అంశం మీద ఆయన ఏనాటినుంచో ప్రసంగాలు చేస్తున్నాడు. వెంటనే అనుమతి ఇచ్చాడు. దొరబాబు కాగితం పట్టుకుని అరుగుమీద బెదురుబెదురుగా కూర్చున్నాడు.

“సదరు మహిళా ఉద్యోగి సమర్పించిన ఫిర్యాదు మేరకు, సదరు సీనియర్ అసిస్టెంటు సదరు పూల విక్రేతను విచారించి, లోటు ఉన్నదని నిర్ధారించుకొని, అనగా సుమారు బెత్తెడు, దానిని స్వచ్ఛందంగా భర్తీ చేయ నిశ్చయించి...” అంటూ ఆఖరిదాకా చదివి, మొహం తుడుచుకున్నాడు.

మాణిక్యాంబ శ్రద్ధగా విని, కాఫీ గ్లాసు అతని ముందుకి జరిపింది. “అంతా సరిగ్గానే చెప్పావు బాబూ. ఒక్క ముక్క పొల్లుపోలేదు. కాని ఇది ఎవరికీ జరగలేదు.”

“రికార్డులో ఉందండి.”

“ఉంటుందిలే. ఆయన చెప్పేటప్పుడు నోట తడారిపోయింది అన్నచోట నిజంగా తడారిపోతుంది, మంచినీళ్ళు తాగుతారు. నీకు ఆరలేదు.”

దొరబాబు కాగితం తిరగేసి చూశాడు. నోరు ఆరడాన్ని ఏ శక్తి కింద అప్పగించాలో ఉత్తర్వులో లేదు.

అతని పాట్లు అంతటితో ఆగలేదు. ఆ వారంలోనే కోనసీమనుంచి అతనికో సంబంధం వచ్చింది. పిల్ల మేనమామ పద్ధతి ప్రకారం పెళ్ళికొడుకు ఆఫీసుకి వచ్చి, వక్కపొడి నములుతూ, త్రిలోచనరావుని పక్కకి పిలిచి గొంతు తగ్గించి అడిగాడు. “కుర్రాడు బుద్ధిమంతుడేనాండి?”

“ఇద్దరి బుద్ధి ఉన్నది” అన్నాడు త్రిలోచనరావు.

“ఏవైనా ఆడవాళ్ళ వ్యవహారాలు గట్రా...”

త్రిలోచనరావు రికార్డుకి విరుద్ధంగా మాట్లాడే మనిషి కాదు. “సదరు ఉద్యోగి చార్జిలో ప్రస్తుతం ఒక ప్రేమ వ్యవహారం ఉన్నది. ఇదే ఆఫీసు టైపిస్టుతో. మంచి స్థితిలో ఉన్నది.”

మేనమామ వక్కపొడి ఉమ్మేసి బస్సెక్కాడు.

దొరబాబు లబోదిబోమన్నాడు. “ఈ ఒక్కటి నా చార్జిలోంచి తీసెయ్యండి సార్. కావాలంటే బెల్లం కొట్లవి ఇంకో నాలుగు రాసుకోండి. ఈ జ్ఞాపకం ఉంటే నాకు పిల్లనెవరిస్తారండి?”

“ప్రభుత్వ ఆస్తిని వెనక్కి ఇచ్చే పద్ధతి లేదయ్యా” అన్నాడు త్రిలోచనరావు. కాని ఆయనకీ లోపల గుబులుగానే ఉంది. ఆ జ్ఞాపకాన్ని పైకి పంపితే అక్కడివాళ్ళు చదువుతారు. లోటు ఉందని తెలిసీ పూలమనిషి మీద చర్య ఎందుకు తీసుకోలేదంటారు. ఆఫీసు వేళలో సీనియర్ అసిస్టెంటు ఆడ ఉద్యోగికి పూలు పెడుతుంటే పైఅధికారి ఏం చేస్తున్నాడంటారు. ఆ పాత పైఅధికారి ఇప్పుడు రాజధానిలో త్రిలోచనరావుకి పైఅధికారి. ఆ సంగతి దొరబాబు రాసుకున్న జ్ఞాపకాల్లో చదివినప్పటినుంచీ ఆయనకి నిద్ర సరిగా పట్టడం లేదు.

నెలాఖరున వీరభద్రానికి సన్మానం చెయ్యాల్సిన పూట త్రిలోచనరావుకి దారి దొరికింది. కల్పన ఎదురుగా శూన్యం అని ఉంది కదా. శాఖలో కల్పన లేదు. అంటే ఎవరి దగ్గరైనా కల్పన కనపడితే అది శాఖది కాదు, ఆ మనిషి సొంతం. పొరపాటున శాఖ సామాన్లలో కలిసిపోతే యజమానికి తిరిగి ఇచ్చెయ్యాలి.

“వీరభద్రంగారూ, ఇక్కడో సంతకం పెట్టండి. సదరు పూల సంఘటన జరగలేదనీ, అది నా కల్పన మాత్రమేననీ. అంతే. మీది మీరు పట్టుకెళ్ళిపోవచ్చు. భార్యకి రోజూ చెప్పుకోవచ్చు, ఎవరూ అడగరు.”

వీరభద్రం కాగితం వంక చూస్తూ కూర్చున్నాడు. నూకాలు పోయి చాలాకాలమైంది. మాణిక్యానికి గుర్తులేదు. ఇప్పుడు తనూ సంతకం పెడితే, ఆ బాదం ఆకు పొట్లం ఈ లోకంలో ఎవరికీ జరగనిదైపోతుంది. పెట్టకపోతే దొరబాబు కాగితంలో ‘సదరు’ల మధ్య నిజంగా జరిగినదిగా ఉండిపోతుంది, తన నోటికి మాత్రం రాదు. ముల్లు ఎక్కడ ఆగితే అక్కడే రాసిన చెయ్యి అది.

“ఆలోచించకండి. తర్కం అప్పగించేశారుగా” అన్నాడు త్రిలోచనరావు, అనునయంగా.

“పెట్టండి గురువుగారూ” అన్నాడు దొరబాబు నెమ్మదిగా. తన పెళ్ళి సంగతి ఆ క్షణంలో అతనికీ గుర్తులేదు. “ఆవిడ అడుగుతారండి.”

వీరభద్రం సంతకం పెట్టాడు. శాలువా కప్పారు, దండ వేశారు. ఇంత తేలిగ్గా పదవీ విరమణ చేసిన ఉద్యోగిని తన సర్వీసులో చూడలేదని త్రిలోచనరావు ప్రసంగించాడు. చప్పట్లు కొట్టవలసిన చోట కొట్టాలని వీరభద్రానికి దొరబాబు చెప్పాడు.

బయట ఇప్పుడు నూకాలు మనవరాలు పూలమ్ముతోంది. వీరభద్రం ఒక మూర కొన్నాడు. నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి, ఇంకో ముక్క విడిగా తెంపించి, బాదం ఆకులో చుట్టించుకున్నాడు. వీధి తనంతట తనే దాటాడు.

మాణిక్యాంబ దండనీ శాలువానీ చూసి, “బాగున్నారు” అంది. మణికట్టు మీది ఊదారంగు ముద్రలు చూసి కొంగు తడిపి తుడిచింది. కొన్ని పోయాయి, కొన్ని పోలేదు. కాఫీ ఇచ్చి, “మీ దగ్గరకి వచ్చిందా?” అని అడిగింది.

“వచ్చింది.”

“అయితే చెప్పండి.”

ఆయన చెప్పాడు. నోట తడారిపోయిన చోట మంచినీళ్ళు తాగాడు. ఆవిడ నవ్వింది, తరవాత ఎప్పటిలాగే లోపల వెతుక్కుంది.

“ఇది నిజంగా జరిగిందాండీ?” అంది. ఇన్నాళ్ళలో ఎన్నడూ అడగని ప్రశ్న అది.

వీరభద్రం అబద్ధమాడలేకపోయాడు. నిజం చెప్పడానికీ హక్కు లేదు. “జరగలేదని సంతకం పెట్టి వచ్చాను” అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

మాణిక్యాంబ ఆయన తెచ్చిన పూలు సంచిలోంచి తీసింది. ఒక కొస మోచేతి దగ్గర పెట్టుకుని, వేలికొసదాకా పరిచి చూసుకుంది. ఎవరూ చెప్పలేదు ఆవిడకి అలా చెయ్యమని.

“తక్కువుందండీ” అంది. “బెత్తెడు తక్కువుంది.”

వీరభద్రం జేబులోంచి బాదం ఆకు పొట్లం తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

“ఇదేమిటండీ?”

ఆయన మంచినీళ్ళ గ్లాసు అందుకుని ఓ గుక్క తాగాడు. “లోటు భర్తీ” అన్నాడు.

ఆవిడ పొట్లం విప్పి, ఆ ముక్కని మూరకి కలిపి ముడి వేసి, వెనక్కి తిరిగి జడ అందించింది. పూలు పెడుతూ వీరభద్రం లోపలి గోడ గడియారం వైపు చూశాడు. అయిదు దాటి చాలాసేపయింది.